చదివి వినిపించగా

బార్ అసోసియేషన్ గదిలో ఆమెకు పెట్టిన పేరు పారాయణం. ఎదురుగా మేడమ్ అనేవాళ్ళు, వెనక మాత్రం అదే పేరు. "పారాయణం లోపలికి వెళ్ళింది, మన కేసు ఇవాళ పిలిచినట్టే" అని ఒకరంటే, "మొన్న నా ఎదుట కరెంటు బిల్లు కూడా పైకి చదివిందయ్యా, నేను చేతులు కట్టుకుని విన్నాను" అని ఇంకొకరు. ప్లీడర్ల నోటికి మూత ఉండదు. ఉంటే వాళ్ళకు పూట గడవదు. ఆ పేరు సంగతి ఆమెకూ తెలుసు, నవ్వి ఊరుకునేది.

పేరు ఊరికే రాలేదు. కక్షిదారు సంతకం పెట్టాల్సిన కాగితం ఏదైనా సరే, మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా ఆమె పైకి చదవాల్సిందే. వాక్యం వాక్యానికీ ఆగి "అర్థమైందా?" అని అడిగేది. అవతలివాళ్ళు మరీ తొందరగా తల ఊపితే అనుమానం వచ్చి మళ్ళీ మొదటికి వెళ్ళేది. పన్నెండు పేజీల అమ్మకపు ఒప్పందానికి ఒక పూటంతా పట్టేది. మధ్యలో కునుకు తీసినవాళ్ళను లేపి, ఎక్కడ నిద్రపోయారో కనుక్కుని, అక్కడి నుంచి అందుకునేది. ఇది తండ్రి నుంచి వచ్చిన మంచి అలవాటని అందరూ చెప్పుకునేవాళ్ళు. అందులో సగం నిజం. మిగతా సగం ఆమెకొక్కదానికే తెలుసు.

ముందు ఆ నిజమైన సగం చెబుతాను. ఆమె తండ్రి దస్తావేజు లేఖరి. రిజిస్ట్రేషన్ ఆఫీసు వరండాలో, మూడో స్తంభం పక్కన, వాలు బల్ల వేసుకుని కూర్చునేవాడు. బడి వదలగానే ఆ పిల్ల వచ్చి స్తంభానికి ఆనుకుని కాళ్ళు చాపుకునేది. ఇంట్లో నాన్న గొంతు వేరు, ఇక్కడ వేరు. ఇక్కడి గొంతు మెల్లగా, ఒకే మట్టంలో సాగేది. తూర్పున కాలువ గట్టు, పడమర రాకపోకల వీధి, ఉత్తరాన ఉమ్మడి గోడ, దక్షిణాన అన్నగారి ఖాళీ స్థలం. పిల్ల కళ్ళు మూసుకునేది. నాన్న ఒక్కో హద్దు చదువుతుంటే ఆ చీకట్లో ఒక్కో గోడ లేచేది. తర్వాత తలుపులు వచ్చేవి, కిటికీలు వచ్చేవి, కిటికీలోంచి ఎండ పడేది. ఎవరిదో ఏమిటో తెలియని ఆ ఇంట్లో ఆమె కాసేపు తిరిగి వచ్చేది. ఆఖరున ఎప్పుడూ ఒకే వాక్యం: చదివి వినిపించగా విని, సరియని ఒప్పుకొని వేలిముద్ర వేయడమైనది. అప్పుడు నీలి సిరా అంటిన బొటనవేలు ఒకటి కాగితం మీదకు దిగేది. ఆ వాక్యం చదివేదాకా ఆ ఇల్లు ఇంకా నేలమీదకు రాలేదని, గాల్లోనే ఉందని, పిల్లకు గట్టి నమ్మకం.

ఒకరోజు అడిగింది. "నాన్నా, వాళ్ళ ఇల్లు వాళ్ళకు తెలియదా? మళ్ళీ చదవడం దేనికి?"

"ఇల్లు తెలుసమ్మా. కాగితంలో ఉన్న ఇల్లు తెలియదు. రెండూ ఒకటేనో కాదో వాళ్ళ చెవులతో వాళ్ళు చూసుకోవాలిగా" అన్నాడు తండ్రి, పాళీ తుడుచుకుంటూ.

పిల్ల పెద్దదై లా చదివింది. చదువు వచ్చింది గానీ కలలు కనే జబ్బు పోలేదు. క్లాసులో కిటికీ పక్కన చోటు కోసం పోట్లాడేది. సీనియర్ ప్లీడరు గారి ఆఫీసులో చేరాక ఆయన రోజుకు నాలుగుసార్లు "అమ్మాయ్, ఎక్కడున్నావు?" అని కేకేసేవారు. ఆమె ఎదురు కుర్చీలోనే ఉండేది. రెండేళ్ళు ఆయన వెనక ఫైళ్ళు మోశాక, "ఇది నువ్వే చూసుకో" అని ఒక కేసు ఆమె చేతిలో పెట్టారు. అది కుట్టుపిన్ని కేసు.

పిన్ని ఆమెకు చుట్టమేమీ కాదు. వీధిలో పిల్లా పెద్దా అందరికీ ఆవిడ కుట్టుపిన్నే. భర్త పోయాడు, పిల్లల్లేరు. ఉన్నవి రెండు గదులు. ముందు గదికి వీధి వైపు పెద్ద కిటికీ. ఆ కిటికీ కింద కుట్టుమిషను. పొద్దుటి ఎండ సరిగ్గా సూది మొన మీద పడేది. వీధిలో పోయేవాళ్ళు ఆగి "పిన్నీ, నా జాకెట్టు అయిందా?" అంటే, "నీ కొలతలు నిలకడగా ఉంటేగా అవడానికి!" అని తల ఎత్తకుండానే జవాబు చెప్పేది. వెనక గదికి కిటికీ లేదు, పైన చిన్న వెంటిలేటరు ఉంది, అంతే. మరిది వచ్చి ముందు గది నాదన్నాడు. ఈమె చేతికి రాకముందే కేసు నాలుగేళ్ళు నలిగింది. చివరికి అందరూ విసిగి రాజీకి వచ్చారు. ముందు గది పిన్నికి, వెనక గదీ పెరడూ మరిదికి.

అంతకు ముందు ఒక చిత్తు తయారైంది. అందులో తారుమారుగా ఉంది, వెనక గది పిన్నికి. పిన్ని ససేమిరా అంది. "చీకట్లో నా చేతిని కూడా బట్టతో కలిపి కుట్టేసుకుంటాను తల్లీ" అంది. సరే, రెండోది టైపు చేయించారు. మొదటి రెండు పేజీలు రెంటిలోనూ ఒకటే. మూడో పేజీ ఒక్కటే వేరు. రెండు చిత్తులూ ఒకే కట్టలో ఉండిపోయాయి.

ఆ రోజు వేసవి సెలవులకు ముందు ఆఖరి పనిదినం. మధ్యాహ్నం మూడు. జడ్జిగారి మనసు అప్పటికే ప్రయాణంలో ఉంది, బంట్రోతు సగం కిటికీలు మూసేశాడు. మూయని కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడుతుంటే అందులో దుమ్ము తేలుతోంది. మన అమ్మాయి దాన్నే చూస్తోంది. ఇది తన మొదటి కేసు. రేపటి నుంచి తనను అమ్మాయ్ అనరు, ప్లీడరుగారూ అంటారు. తనకూ ఒక గది ఉంటుంది, ఆ గదికి ఒక కిటికీ ఉంటుంది. ఆ కిటికీకి ఏ రంగు వేయించాలో తేల్చుకుంటూ ఉండగా సీనియరు గారి గుమస్తా బాబాయ్ వచ్చి భుజం తట్టాడు. "పిలుస్తున్నారమ్మా, లే!"

గబగబా కాగితాలు పోగుచేసింది. గుచ్చడానికి గుండుసూది లేదు. పిన్ని తన రవిక అంచున గుచ్చుకున్న సూదుల్లోంచి ఒకటి తీసి "ఇదిగో తల్లీ" అని ఇచ్చింది. ఆ సూదితోనే మూడు పేజీలూ గుచ్చింది. ఒకటి, రెండు, మూడు. లెక్క సరిపోయింది. చదవలేదు. పిన్ని వేలిముద్ర వేసింది, మరిది సంతకం పెట్టాడు.

జడ్జిగారు అడిగారు. "పార్టీకి చదివి వినిపించారా?"

"వినిపించానండీ."

పిన్ని ఒక్కసారి ఆమె ముఖంలోకి చూసింది. చదవలేదని పిన్నికి తెలుసు కదా. తను మాత్రం చదువుకునే ఉంటుంది, ఇలా అనడం ప్లీడర్ల మర్యాద కాబోలనుకుంది. "నీకు సమ్మతమేనా అమ్మా?" అని జడ్జిగారు అడిగితే, "మా ప్లీడరమ్మకు సమ్మతమైతే నాకూ సమ్మతమేనండీ" అంది. కోర్టంతా నవ్వింది. జడ్జిగారూ నవ్వి సంతకం చేసి సెలవులకు వెళ్ళిపోయారు.

సెలవులయ్యాక డిక్రీ కాపీ వచ్చింది. కుర్చీలో కూర్చుని, తీరిగ్గా, మొదటిసారి ఆమె మూడో పేజీ చదివింది. వెనక గది పిన్నికి. ముందు గది మరిదికి. సరైన మూడో పేజీ ఫైలు కట్టలో అలాగే ఉంది, తెల్లగా, ఏ ముద్రా లేకుండా.

దారి లేకపోలేదు. పొరపాటు జరిగింది, పార్టీకి చదివి వినిపించకుండానే వినిపించానని న్యాయస్థానానికి చెప్పాను, ఈ రాజీని కొట్టివేయండి అని ఒక కాగితం పెడితే చాలు. ఆమె ఆ కాగితం రాసింది కూడా. ఒక పేజీ. సొరుగులో పెట్టింది. పెడితే గది తిరిగి వస్తుంది, కానీ ప్లీడరీ చేయనిచ్చే సన్నదు ఉంటుందో ఊడుతుందో తెలియదు. నాన్నకు ఈ సంగతి తెలుస్తుంది. ఇవాళ పెడదాం, రేపు పెడదాం అనుకుంటూనే గడువు దాటించింది. ఎదుటివాడి గడువు ఒక్కరోజు దాటితే ఎగిరి గంతేసే జాతి ప్లీడర్లది. తన గడువు దాటిన రోజున ఆమె నీళ్ళు కూడా ముట్టలేదు.

ఈలోగా మరిది తాళం చెవి అడిగాడు. పిన్ని పరుగెత్తుకుంటూ వచ్చింది. "ఇదేమిటి తల్లీ? మనం ముందు గది అనుకున్నాంగా?"

"కోర్టులో అలా తేలింది పిన్నీ" అంది ఆమె. తేలు కుట్టిన దొంగలా ఫైలు కట్ట తాడు బిగించింది.

పిన్ని దగ్గరికి వచ్చి ఆమె తల నిమిరింది. "కోర్టే అలా అంటే నువ్వేం చేస్తావులే, చిన్నపిల్లవు. బెంగ పెట్టుకోకు" అంది. ఓదార్చాల్సినవాళ్ళు ఎవరో, ఓదార్పు పొందింది ఎవరో! ఆ చెయ్యి తల మీద పడిన క్షణం నుంచి ఆమె ఏ కాగితాన్నీ చదవకుండా వదల్లేదు. అదీ ఆ రెండో సగం.

సంవత్సరాలు గడిచాయి. వకాల్తాలు పెరిగాయి, సొంత గది వచ్చింది, ఆ గదికి కిటికీ వచ్చింది. దానికి రంగు వేయించలేదు. పెళ్ళి చేసుకుంది. మొగుడు లెక్కల మాస్టారు, మాటల్లో పొదుపరి. పెళ్ళయిన కొత్తలో ఇంటి అద్దె కాగితం మొత్తం చదివి వినిపిస్తే, "సమ్మతమే" అని ఒక్క ముక్క అని పడుకున్నాడు. చదవనిదే వేలు పెట్టించని ప్లీడరమ్మ అని చుట్టుపక్కల పేరు పాకింది. ఎవరు ఏ కాగితం ఇచ్చినా జనం ముందు ఆమె దగ్గరికి తెచ్చుకునేవాళ్ళు. పొద్దున్నే మెట్ల మీద కూర్చుని ఆమె గొంతు వింటూ ఉండేవాళ్ళు. వాళ్ళ ఇళ్ళు, పొలాలు, వాటాలు ఆ గొంతులో ఒక్కొక్కటే లేచి నిలబడేవి.

ఆమె నల్లకోట్లన్నీ కుట్టింది పిన్నే. వెనక గదిలో, పట్టపగలు బల్బు వేసుకుని. ముందు గది చేతులు మారి మారి తాళాలు బాగుచేసేవాడి దుకాణమైంది. సందులోంచి వెనక్కి వెళ్ళాలి కాబట్టి కొత్తవాళ్ళకు పిన్ని ఉన్నట్టే తెలియదు. వీధి మీద జోకులు ఆగిపోయాయి. ఏడాదికేడాది కళ్ళజోడు అద్దాలు మందమయ్యాయి. ఆమె కోటు కొలతలకు వెళ్ళినప్పుడల్లా పిన్ని సూదీ దారం చేతికిచ్చేది. "కాస్త ఎక్కించు తల్లీ, నాకు బెజ్జం రెండుగా కనిపిస్తోంది." ఆమె దారం ఎక్కించి ఇచ్చేది. ఇవాళ చెప్పేద్దాం అనుకునేది. పిన్ని నవ్వేది. ఆ నవ్వు చూశాక కోటు పట్టుకుని వచ్చేసేది.

ఆమె దేశపు చట్టసభకు వెళ్ళడం కూడా చిత్రంగానే జరిగింది. పార్టీలో ఇద్దరు పెద్దలు టికెట్టు నాకంటే నాకని ఆరు నెలలు కొట్టుకున్నారు. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చినట్టు, ఇద్దరికీ కాకుండా ఈమెకు దక్కింది. ఓడిపోయే మనిషి అయితే ఎవరికీ బాధ ఉండదని లెక్క. ఆ లెక్క తప్పించింది కుట్టుపిన్ని. అరవై దాటిన మనిషి మెడలో టేపు వేసుకుని ఇల్లిల్లూ తిరిగింది. "మా ప్లీడరమ్మ ఒక్క అక్షరం చదవకుండా ఎవరి చేతా వేలు పెట్టించదు. అలాంటి మనిషి అక్కడుంటే మనకు తెలియకుండా మన పేరున ఏదీ జరగదు" అని ప్రతి గడపలోనూ చెప్పింది. అభ్యర్థి పక్కనే నిలబడి ఆ మాట ఎన్ని వందలసార్లు విందో! జనం దండలు వేస్తే తల వంచుకునేది. ఎంత వినయమో అని మెచ్చుకున్నారు.

పెద్ద సభ ఆమెకు నచ్చింది. ఎత్తైన గుమ్మటం, పైన గాజు, దాంట్లోంచి కిందికి దిగే మెత్తటి వెలుగు. ఆరో వరస, గోడ నుంచి మూడో కుర్చీ. చెవికి యంత్రం పెట్టుకుంటే ఎక్కడో దూరంగా ఎవరో మాట్లాడుతుంటే, ఇక్కడ చెవి పక్కన ఎవరో అదే మాటను మన భాషలో గుసగుసగా చెబుతారు. మొదటి నెలంతా ఆమె కళ్ళు మూసుకుని ఆ గొంతే వింది. వరండా, స్తంభం, నాన్న. దేశం మొత్తం ఒక దస్తావేజులా, హద్దు తర్వాత హద్దు, ఎవరో చదువుతున్నట్టుండేది. కళ్ళు తెరిస్తే చుట్టూ సగంమంది నిద్రపోతూ ఉండేవారు. లేపి, ఎక్కడ నిద్రపోయారో కనుక్కోవాలని ఆమెకు మహా కోరికగా ఉండేది.

అలవాటు మానలేదు. వచ్చిన ప్రతి బిల్లునూ పొద్దున్నే తన క్వార్టర్సులో పైకి చదివేది. "మీ గోడలోంచి సెక్షన్లు వినిపిస్తున్నాయండీ, మా ఇంట్లో అలారం అమ్మేశాం" అన్నాడు పక్క క్వార్టరు సభ్యుడు. చదివి, తప్పులు పట్టి, చీటీలు పంపేది. మంత్రులు ఆమె చీటీ చూస్తే నిట్టూర్చేవారు. ఓడిపోతుందనుకున్న మనిషి రెండోసారి కూడా గెలిచింది. పిన్ని మళ్ళీ తిరిగింది, మళ్ళీ అదే మాట చెప్పింది.

రెండోసారి నాలుగో ఏట ఆమె పేరున ఒక సొంత బిల్లుకు అవకాశం వచ్చింది. సభ్యులు తమంతట తాము తెచ్చే బిల్లులకు శుక్రవారం మధ్యాహ్నాలు కేటాయిస్తారు. అప్పటికి చాలామంది ఇంటిదారి పట్టి ఉంటారు. బిల్లు నాలుగు వాక్యాలే. వేలిముద్ర గానీ సంతకం గానీ తీసుకునే ముందు కాగితాన్ని ఆ మనిషికి తెలిసిన భాషలో పూర్తిగా చదివి వినిపించాలి. చదివినవారు తమ పేరు రాయాలి. చదవకుండా చదివామని రాస్తే శిక్ష. అలా తీసుకున్న ముద్ర, ఎన్నేళ్ళయినా సరే, చెల్లదు.

ఆ నాలుగో వాక్యాన్ని ఆమె రెండుసార్లు కొట్టేసి, మూడోసారి రాసింది.

సభలో పాతికమంది ఉన్నారేమో. గుమ్మటం వెలుగు ఖాళీ కుర్చీల మీద పడి ఉంది. ఆమె మాట్లాడింది. మంత్రి నవ్వుతూ లేచి, ప్రతి కాగితం అడుగునా చదివి వినిపించామని రాస్తూనే ఉన్నారు, కొత్త చట్టం ఎందుకన్నారు. తర్వాత ఎదుటి వరసలోంచి ఒక మీసాల సభ్యుడు లేచాడు. ఆయనా ఒకప్పుడు ప్లీడరే.

"అధ్యక్షా, గౌరవ సభ్యురాలు ముప్పై ఏళ్ళు ప్రాక్టీసు చేసిన మనిషి. చదవకుండానే చదివామని చెప్పిన ప్లీడరును ఒక్కరినైనా ఆవిడ తన కళ్ళతో చూశారా? ఒక్క ఉదాహరణ చెప్పమనండి చాలు. లేకపోతే మా వృత్తి మీద ఈ నింద దేనికి?"

ఆమె లేచి నిలబడింది. గాజులోంచి దిగే వెలుగులో దుమ్ము తేలుతోంది. అదే దుమ్ము, ముప్పై ఒక్క ఏళ్ళుగా కిందపడకుండా తేలుతూనే ఉందనిపించింది. గుమస్తా బాబాయ్ భుజం తట్టినట్టు, పిన్ని సూది చేతికిచ్చినట్టు, ఎవరో చదివి వినిపించారా అని అడిగినట్టు అనిపించింది. వినిపించానండీ అనడానికి ఎంతసేపు పట్టింది? దుమ్ము చూస్తున్న పిల్ల తల తిప్పేంతసేపు.

"ఉంది అధ్యక్షా, ఒకటి ఉంది" అంది. "కానీ అది ముందు చెప్పాల్సింది ఈ సభకు కాదు. నాకు రెండు వారాలు గడువు ఇప్పించండి."

"ఇక్కడా వాయిదాయేనా! ప్లీడరు బుద్ధి ఎక్కడికి పోతుందిలే" అని ఎవరో అన్నారు. ఉన్న పాతికమందీ నవ్వారు. గడువు దొరికింది.

ఊళ్ళో దిగగానే పాత ఫైలు కట్ట తెప్పించుకుంది. గుమస్తా బాబాయ్ ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. సంగతంతా విని కర్ర గోడకు ఆనించి కూర్చున్నాడు. "వచ్చే ఏడే ఎన్నికలు. ఆ వాడ మొత్తం ఆవిడ మాట మీద నడుస్తుంది. మరిది పోయాడు, గది పోయింది, అడిగేవాళ్ళు లేరు. ఇప్పుడు తవ్వుకుని ఏం బావుకుంటావమ్మా?"

"ఆవిడ నన్ను చూసి నవ్వుతుంది బాబాయ్. ఆ నవ్వు నాది కాదు" అంది ఆమె.

ఓట్ల భయం ఆమెకు లేదని కాదు. కానీ అసలు భయం అది కాదు. ఈ లోకంలో తనను తల్లీ అని పిలిచే మనిషి ఇంకొకరు మిగల్లేదు.

పొద్దున పది గంటలకు సందులోంచి వెనక గదికి వెళ్ళింది. బల్బు వెలుగుతోంది. పిన్ని మిషను తొక్కుతోంది. "రా తల్లీ, సరైన వేళకు వచ్చావు. దారం ఎక్కించు" అంది, చూడకుండానే, అడుగుల చప్పుడు గుర్తుపట్టి.

ఆమె దారం ఎక్కించింది. మోకాళ్ళు ముడుచుకుని నేల మీద కూర్చుంది. "పిన్నీ, నీకిచ్చిన ఆ రాజీ కాగితం కాపీ ఉందా నీ దగ్గర?"

"ఉండకేం!" మిషను సొరుగులో గుండీల కింద నుంచి ఒక కవరు తీసింది. "ఇచ్చిన రోజు నుంచి ఇందులోనే ఉంది. ఎవరి చేతా చదివించలేదు. నువ్వు చెప్పాక మళ్ళీ ఎవరో చదవడమెందుకు?"

అప్పుడు చెప్పింది. నీళ్ళు నమలకుండా, ప్లీడరు మాటలు వాడకుండా చెప్పింది. "అది కోర్టు తేల్చింది కాదు పిన్నీ. నేను తప్పు పేజీ గుచ్చాను. చదివి ఉంటే అప్పుడే దొరికేది. చదవలేదు. జడ్జిగారడిగితే చదివానన్నాను. తర్వాత తెలిసింది. తెలిసీ నీకు అబద్ధం చెప్పాను."

మిషను ఆగింది. తాళాల దుకాణంలో ఆకురాయి గీస్తున్న చప్పుడు గోడ అవతల నుంచి వస్తోంది. పిన్ని ఆ గోడ వైపు చూసింది.

"ముందు గది నాదేనా?"

"నీదే పిన్నీ."

"అప్పుడే చెప్పి ఉంటే?"

"తిరిగి వచ్చేది. నా సన్నదు పోయేదేమో. గది మాత్రం వచ్చేది."

పిన్ని కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. అద్దాల్లేని ఆ కళ్ళు ఆమెను వెతుక్కున్నాయి. "నా కళ్ళు ఈ గదిలోనే పోయాయే" అంది. గొంతు పెంచలేదు. "కోర్టు చేసిందనుకుని కోర్టును తిట్టుకున్నాను. మరిదిని తిట్టుకున్నాను, వాడు పోయినప్పుడు చూడ్డానికి కూడా వెళ్ళలేదు. నిన్ను మాత్రం ఒక్క మాట అనలేదు. ఇల్లిల్లూ తిరిగి ఏం చెప్పాను నీ గురించి? పక్కనే నిలబడి విన్నావుగా!"

ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది.

"ఏడవకు. గొంతు పూడుకుపోతుంది. చదవాలి నువ్వు."

"ఏం చదవాలి?"

"ఆ కాగితమే. మొదటి అక్షరం నుంచి. అందరికీ చదువుతావట కదా."

ఆమె కవరులోంచి కాగితం తీసింది. మూలన గుండుసూది తుప్పు పట్టి కాగితానికి అతుక్కుపోయింది. చుట్టూ ఎర్రటి మరక. మొదలుపెట్టింది. నాన్న గొంతే వచ్చింది, మెల్లగా, ఒకే మట్టంలో. పిన్ని కళ్ళు మూసుకుంది. మొదటి పేజీలో పేర్లు, రెండో పేజీలో హద్దులు. గోడలు లేచాయి, వీధి వచ్చింది, కిటికీ వచ్చింది, కిటికీ కింద మిషను, సూది మొన మీద ఎండ. ముప్పై ఒక్క ఏళ్ళ కిందటి ఆ పొద్దుటి వెలుగులో ఇద్దరూ కాసేపు కూర్చున్నారు. అప్పుడు మూడో పేజీ తిప్పింది. చదివింది. వాక్యం వాక్యానికీ ఆగి, అలవాటుగా, "అర్థమైందా?" అని అడిగింది. ప్రతిసారీ పిన్ని తల ఊపింది, తొందర లేకుండా. చివరి వాక్యం దగ్గరికి వచ్చింది.

"చదివి వినిపించగా విని, సరియని ఒప్పుకొని..."

"ఆగు" అంది పిన్ని కళ్ళు తెరిచి. "ఇప్పుడు విన్నాను. ఇది సరి కాదు. నేను ఒప్పుకోను."

ఆమె తల ఎత్తలేకపోయింది.

"ఆ మాటే రాయి. దాని కిందే రాయి. ఏ తేదీన విన్నానో, ఎవరు చదివారో, ముందెందుకు చదవలేదో అంతా రాయి. తీసుకెళ్ళి ఆ పెద్ద సభలో చదువు, నీ పేరుతో సహా."

"చదివితే ఇక నాకు ఓటెవరు వేస్తారు పిన్నీ?"

"ఏమో. నేనైతే వేయను" అంది పిన్ని. కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంటూ, "కానీ ఆ బిల్లు మాత్రం నెగ్గించుకుని రా" అంది.

ఆమె కలం తీసి కాగితాన్ని మిషను బల్ల మీద పెట్టుకుని రాసింది. పేరు రాసింది, సంతకం పెట్టింది. కలం మర విప్పి లోపలి సిరాను పిన్ని బొటనవేలికి రాసింది. ఇన్నేళ్ళ సూదిపోట్లకు ఆ వేలి గీతలన్నీ అరిగిపోయి ఉన్నాయి. వేలు కాగితం మీదకు దిగింది. అంగుళం ఎత్తులో ఆగిపోయింది.

"ముందు చదువు తల్లీ" అంది పిన్ని. "ఏం రాశావో."